పిల్లల ఫ్లూ టీకాకు సర్కారు సాయం కావాలి! మన గల్లీ క్లినిక్‌లోనే అందాలి!

హైదరాబాద్ తల్లిదండ్రులారా! పిల్లల డాక్టర్లారా! అంగన్‌వాడీ టీచర్లారా! బడి పంతుళ్లారా!

జూన్‌లో బళ్లు తెరుస్తారు. వానలు పడతాయి. జూలై దాటేసరికి క్లాసులో ఒకరికి వచ్చిన జ్వరం పదిమందికి పాకుతుంది. ఆ రోజుల్లో సాయంత్రం ఏడు దాటాక ఏ బస్తీలోనైనా పిల్లల క్లినిక్ ముందు చూడండి. ఒళ్లు కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని టోకెన్ కోసం నిలబడ్డ తల్లులుంటారు. కూలి పోగొట్టుకుని వచ్చిన తండ్రులుంటారు. ఆ జ్వరాలన్నీ ఫ్లూ కావు. కానీ ఏటా వాటిలో ఫ్లూ జ్వరాలూ ఉంటాయి. ఫ్లూకి టీకా ఉంది. ఆ టీకా చాలాచోట్ల అదే క్లినిక్ ఫ్రిజ్‌లోనే ఉంది. మన బిడ్డకు అది అందకపోవడానికి మొదటి కారణం దాని ధర.

ఆ ధర భారాన్ని తల్లిదండ్రుల మీంచి దించమని అడగడానికే ఈ కరపత్రం.

మా కోరిక ఇది: ఆరు నెలలు నిండిన బిడ్డ మొదలు ఐదేళ్ల బిడ్డ దాకా అందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించే ఖర్చును రాష్ట్ర ప్రభుత్వం తలకెత్తుకోవాలి. ఆ టీకా సర్కారు దవాఖానాల్లోనే కాక, జ్వరమొస్తే మనం పరుగెత్తే ప్రైవేటు క్లినిక్‌లలో కూడా దొరకాలి.

■ ఫ్లూ అంటే ముక్కు కారడం కాదు

జలుబు మెల్లగా మొదలై చాలావరకు తనంతట తానే తగ్గిపోతుంది. ఫ్లూ ఒక్కసారిగా పడుతుంది. అధిక జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు, లేవలేనంత నీరసం. చాలామంది పిల్లలు వారంలో కోలుకుంటారు, నిజమే. కొందరికి మాత్రం అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అవుతుంది. కొందరికి జ్వరం తలకెక్కి ఫిట్స్ వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం ముదిరి ఆక్సిజన్ పెట్టాల్సి వస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు ముప్పు మరీ ఎక్కువ. ఏటా ప్రపంచంలో ఫ్లూ వల్ల వచ్చే శ్వాస జబ్బులతో 2,90,000 నుంచి 6,50,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఫ్లూ సోకి ఊపిరితిత్తులు దెబ్బతిని కన్నుమూసే ఐదేళ్లలోపు పిల్లల్లో 99 శాతం మంది మనలాంటి వర్ధమాన దేశాల బిడ్డలే.

ఈ జబ్బు మన ఊరికి కొత్త కాదు. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. అదే ఏడాది ఆగస్టులో దేశంలో తొలి మరణం నమోదైంది పుణెలో. చనిపోయింది పద్నాలుగేళ్ల స్కూలు పిల్ల. 2015లో మళ్లీ విజృంభించినప్పుడు గాంధీ ఆస్పత్రి వార్డుల ముందు మాస్కులు కట్టుకుని నిలబడ్డవాళ్లు మనవాళ్లే. నాటి స్వైన్ ఫ్లూ వైరస్ ఎక్కడికీ పోలేదు. మామూలు ఫ్లూ వైరస్‌లలో కలిసిపోయి ఏటా మన మధ్యే తిరుగుతోంది. దేశంలో ఏడాదికి రెండు విడతలు ఫ్లూ పెరుగుతుంది: జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలో మరోసారి. మన పిల్లలకు వానాకాలం విడత ముఖ్యం. కాబట్టి టీకా వానలకు ముందే పడాలి.

■ టీకా ఉంది, కొనే స్తోమత లేదు

ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించమని పిల్లల డాక్టర్ల జాతీయ సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. కానీ సర్కారు ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల జాబితాలో ఫ్లూ లేదు. అంటే కొనుక్కోగలిగిన ఇంటి బిడ్డకే అది దక్కుతోంది.

లెక్క చూడండి. ప్రైవేటు క్లినిక్‌లో ఒక డోసు ధర సుమారు వెయ్యిన్నర నుంచి రెండు వేల రూపాయలు. తొమ్మిదేళ్లలోపు పిల్లలు మొదటిసారి వేయించుకుంటే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. ఇద్దరు పిల్లలున్న ఇంటికి తొలి ఏడాది నాలుగు డోసులు. ఆరు వేల నుంచి ఎనిమిది వేలు టీకాకే. డాక్టర్ ఫీజు వేరు. ఆటో నడిపే తండ్రి, ఇళ్లల్లో పనిచేసే తల్లి ఆ మాట విని "తర్వాత చూద్దాం సార్" అని లేచి వస్తే, అది నిర్లక్ష్యమని ఎవరంటారు? ఇంటద్దె, బడి ఫీజు, కరెంటు బిల్లు వరుసలో నిలబడ్డప్పుడు ఇంకా రాని జబ్బుకు డబ్బు తీసి పక్కన పెట్టడం ఎవరి వల్ల అవుతుంది?

ఆ పని చేయాల్సింది సర్కారు. చేయగలిగేదీ సర్కారే.

■ ఇది మనం చేయలేని పని కాదు

ఒకటి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాడు ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించుకుంటే సర్కారు బిల్లు కట్టింది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ పథకం కింద వైద్య ఖర్చు పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచింది. మంచి పని. జబ్బు పడ్డాక ప్రైవేటు ఆస్పత్రికి లక్షలు కట్టగలిగిన సర్కారు, జబ్బు పడకుండా ప్రైవేటు క్లినిక్‌కి వేలల్లో కట్టలేదా?

రెండు. 2021 మార్చి 1 నుంచి ప్రైవేటు ఆస్పత్రుల్లో కోవిడ్ టీకాకు ప్రభుత్వమే గరిష్ఠ ధర నిర్ణయించింది. డోసుకు 250 రూపాయలు మించకూడదంది. అందులో టీకాకు 150, వేసినందుకు 100. ప్రైవేటు ఆస్పత్రి అయినా ధర మీద అదుపు పెట్టవచ్చని ఆనాడు అందరూ చూశారు.

మూడు. 2016లో రోటావైరస్ విరేచనాల టీకాను దేశంలో మొట్టమొదట ఉచితంగా ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్‌లో. ఒకప్పుడు ప్రైవేటులో వేలు పోసి కొనుక్కున్న న్యుమోకాకల్ టీకా కూడా 2021లో దేశమంతటా ఉచిత టీకాల్లో చేరింది. ఇవాళ కలవాడికే అందుతున్న టీకా రేపు అందరికీ అందుతుంది. అందుకు జనం అడగాలి, సర్కారు పూనుకోవాలి.

■ హాంకాంగ్ చేసి చూపించింది

2008 మార్చిలో హాంకాంగ్‌లో ఫ్లూ కాలం నడుస్తుండగా కొందరు పిల్లలు చనిపోయారు. ప్రభుత్వం ప్రాథమిక బళ్లు, కిండర్‌గార్టెన్లు రెండు వారాలు మూసేసింది. ఐదు లక్షలకు పైగా పిల్లలు ఇళ్లల్లో కూర్చున్నారు. అదే ఏడాది నవంబరులో ఆ నగరం పిల్లల ఫ్లూ టీకాకు సబ్సిడీ పథకం మొదలుపెట్టింది. ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు పిల్లలు తమ ఇంటి దగ్గరి ప్రైవేటు డాక్టర్ దగ్గరే టీకా వేయించుకునే వీలు కలిగింది. మొదట్లో డోసుకు 80 హాంకాంగ్ డాలర్లు సర్కారు ఇచ్చింది. తల్లిదండ్రులు ముందు కట్టి తర్వాత బిల్లులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని లేదు. ఫీజులో సబ్సిడీ పోగా మిగిలింది కడితే చాలు. సర్కారు వాటా డాక్టరే సర్కారు నుంచి రాబట్టుకుంటాడు. పథకంలో చేరిన డాక్టర్ల పేర్లు, వాళ్లు తీసుకునే అదనపు ఫీజు అందరికీ కనబడేలా ప్రకటిస్తారు. ఎక్కడ తక్కువో చూసుకుని తల్లి అక్కడికే పోతుంది.

ఆ పథకం ఆగిపోలేదు, పెరిగింది. సబ్సిడీ 80 నుంచి 260 డాలర్లకు చేరింది. వయసు పన్నెండేళ్లకు, తర్వాత పద్దెనిమిదేళ్ల లోపు వారందరికీ విస్తరించింది. క్లినిక్ దాకా రాలేని పిల్లల కోసం డాక్టర్ల బృందాలు బడికే వెళ్లి టీకా వేస్తున్నాయి.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే కాదు, సరిదిద్దుకోవాల్సింది కూడా ఉంది. అక్కడ క్లినిక్ డాక్టర్ తీసుకునే అదనపు ఫీజుకు పరిమితి లేదు. మన దగ్గర అలా వదిలేస్తే సబ్సిడీ ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కున్నట్టే అవుతుంది. అందుకే ధరకు పరిమితి కావాలని మొదటి రోజు నుంచే పట్టుబడుతున్నాం.

■ ప్రైవేటు క్లినిక్ ఎందుకు?

బస్తీ దవాఖానాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు బలపడాలి. అందులో రెండో మాటే లేదు. అక్కడ ఈ టీకా పూర్తిగా ఉచితంగా దొరకాలి. కానీ పగలంతా పనిలో ఉండే అమ్మానాన్నలకు వీలు దొరికేది సాయంత్రమే. సాయంత్రం తెరిచి ఉండేది గల్లీ చివర క్లినిక్. పుట్టినప్పటి నుంచి బిడ్డను చూస్తున్న డాక్టర్ అక్కడే ఉంటాడు. ఉబ్బసమున్న బిడ్డెవరో, పోయిన ఏడాది న్యుమోనియాతో అడ్మిట్ అయిన బిడ్డెవరో ఆయనకు తెలుసు. మామూలు టీకాల కోసం పెట్టిన ఫ్రిజ్ అక్కడ ఉంది. వేసే చెయ్యి ఉంది. కొత్త భవనం కట్టక్కర్లేదు, కొత్త ఉద్యోగాలకు నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడక్కర్లేదు. ఉన్నదాన్ని వాడుకుంటే ఒక్క వేసవిలో పని మొదలవుతుంది.

■ మా డిమాండ్లు

1. ఆహార భద్రత కార్డున్న ప్రతి ఇంటి బిడ్డకూ టీకా ఏ క్లినిక్‌లోనైనా పూర్తిగా ఉచితం. మిగతావాళ్లకు సర్కారు నిర్ణయించిన చిన్న వాటా మాత్రమే.

2. టీకాను రాష్ట్ర ప్రభుత్వమే టోకున కొని క్లినిక్‌లకు సరఫరా చేయాలి. లక్షల డోసులు ఒకేసారి కొంటే బేరమాడే బలం వస్తుంది. ఒక్కో క్లినిక్ పది పది డోసులు కొంటే ఆ బలం ఉండదు.

3. డాక్టర్‌కు టీకా వేసినందుకు న్యాయమైన సేవా రుసుము సర్కారు ఇవ్వాలి. దాని పైన కన్సల్టేషన్ ఫీజని, కార్డు ఫీజని ఒక్క రూపాయి వసూలు చేయకూడదు. వేరే టీకాలు, పరీక్షలు కట్టబెట్టకూడదు. రేట్ల బోర్డు తలుపు దగ్గర తెలుగు, ఉర్దూ భాషల్లో పెట్టాలి.

4. డాక్టర్‌కు రావలసిన డబ్బు నెల తిరిగేలోపు ఖాతాలో పడాలి. బకాయిల కోసం ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన రోజులు మనం చూశాం. అప్పుడు నలిగింది రోగులే. ఈ పథకానికి బడ్జెట్‌లో డబ్బు ముందే కేటాయించి, విడిగా ఉంచాలి.

5. చేరే ప్రతి క్లినిక్‌లో టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచే ఫ్రిజ్, కరెంటు పోతే ప్రత్యామ్నాయం, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే రిజిస్టరు ఉండాలి. గడ్డకట్టిన టీకా పనికిరాదు. ఆరోగ్య శాఖ ఆకస్మిక తనిఖీలు చేయాలి.

6. టీకా వేశాక అరగంట బిడ్డను క్లినిక్‌లో కూర్చోబెట్టాలి. అరుదుగా వచ్చే తీవ్ర అలర్జీకి మందు సిద్ధంగా ఉండాలి. ఏ ఇబ్బంది వచ్చినా జిల్లా టీకాల అధికారికి తెలియజేయాలి.

7. వేసిన ప్రతి డోసూ తల్లీబిడ్డల కార్డు మీద ఎక్కాలి, ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డులోనూ చేరాలి. రెండో డోసు తేదీకి తల్లి ఫోన్‌కు తెలుగులో మెసేజ్ రావాలి.

8. క్లినిక్ లేని బస్తీలకు, వలస కూలీలు ఉండే నిర్మాణ స్థలాలకు, ఇటుక బట్టీలకు సర్కారు బృందాలే వెళ్లాలి. కార్డు లేదని ఒక్క బిడ్డను కూడా వెనక్కి పంపకూడదు.

9. ఏ వార్డులో ఎంతమంది పిల్లలకు టీకా పడిందో నెలనెలా ప్రజలకు ప్రకటించాలి.

■ మీ సందేహాలకు మా జవాబులు

"టీకా వేయించినా జ్వరం వచ్చింది కదా?" జ్వరం తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి. ఇది ఫ్లూని మాత్రమే ఆపుతుంది. అన్ని ఫ్లూలనీ ఆపుతుందని కూడా మేం చెప్పం. టీకా వైరస్‌కు బాగా సరిపోయిన ఏడాదుల్లో డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిన ఫ్లూని 40 నుంచి 60 శాతం దాకా తగ్గించిందని అధ్యయనాలు తేల్చాయి. టీకా పడ్డ బిడ్డకు ఫ్లూ వచ్చినా ప్రాణం మీదికి వచ్చే అవకాశం తగ్గుతుంది.

"టీకా వల్లే ఫ్లూ వస్తుందట?" రాదు. సూదితో వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం రావచ్చు. రక్షణ కలగడానికి రెండు వారాలు పడుతుంది. ఆ లోపు సోకితే నింద టీకా మీదికి పోతుంది.

"ఏటా ఎందుకు?" ఫ్లూ వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, టీకాలో ఏ రకాలుండాలో సూచిస్తుంది. పాత టీకా కొత్త రకానికి చాలకపోవచ్చు. పైగా దాని బలం కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

"యాంటీబయాటిక్ వేస్తే సరిపోదా?" ఫ్లూ వైరస్ జబ్బు. యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. అవసరం లేకుండా మింగితే రేపు అవసరమైనప్పుడు మందు పనిచేయకుండా పోతుంది.

"పిల్లలకే ఎందుకు, ముసలివాళ్ల మాటేమిటి?" వాళ్లకూ టీకా అవసరమే. కానీ ఇంట్లోకి ఫ్లూని ఎక్కువగా మోసుకొచ్చేది పిల్లలే. జపాన్‌లో ఏళ్ల తరబడి బడి పిల్లలకు ఫ్లూ టీకా వేశారు. 1994లో ఆ కార్యక్రమం ఆపేశాక చలికాలపు మరణాలు, ముఖ్యంగా వృద్ధుల్లో, పెరిగాయని 2001లో అచ్చైన ఒక పరిశోధన చూపించింది. మనవడికి వేసే టీకా నానమ్మకూ కాపలా.

"ఆరు నెలలు నిండని పసిగుడ్డు సంగతి?" అంత చిన్నబిడ్డకు ఈ టీకా వేయరు. తల్లి గర్భంతో ఉన్నప్పుడే వేయించుకుంటే ఆ రక్షణ కడుపులో బిడ్డకూ అందుతుంది. గర్భిణులారా, మీ డాక్టరమ్మను అడగండి.

■ ఇప్పుడు మనం చేయాల్సింది

తల్లిదండ్రులారా! పథకం వచ్చేదాకా ఆగకండి. కొనుక్కోగలిగిన వాళ్లు వానలకు ముందే వేయించండి. ఉబ్బసం, గుండె జబ్బు, పదేపదే న్యుమోనియా వచ్చే పిల్లలుంటే ముందు వాళ్లకు. బిడ్డకు అధిక జ్వరం ఉన్న రోజు ఆగి, తగ్గాక తీసుకెళ్లండి. గతంలో ఏ టీకాకైనా తీవ్ర అలర్జీ వచ్చి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. టీకాను మందుల షాపులో కొని ఎండలో సంచిలో పెట్టుకుని తీసుకెళ్లొద్దు.

డాక్టర్లారా! మీ కష్టం మాకు తెలుసు. అద్దెలు, జీతాలు, కరెంటు బిల్లులు మీకూ ఉన్నాయి. అందుకే మీ రుసుము సకాలంలో అందాలని మేమే సర్కారును అడుగుతున్నాం. మీరు చేయాల్సింది రెండు పనులు. పథకం వస్తే చేరతామని ఈ కరపత్రం వెనక ఉన్న వినతిపత్రం మీద మీ క్లినిక్ ముద్ర వేయండి. ఈలోగా మీ దగ్గర ఫ్లూ టీకా ధర ఎంతో గోడ మీద రాసి పెట్టండి. డబ్బు లేని ఇంటి బిడ్డకు ఎంత తగ్గించగలరో అంత తగ్గించండి.

అంగన్‌వాడీ టీచర్లారా, ఆశా అక్కలారా, పంతుళ్లారా! తల్లుల సమావేశంలో ఈ కరపత్రం చదివి వినిపించండి. మీ మాట మీద నమ్మకంతోనే ఈ దేశం పోలియోను తరిమింది. ఇంటింటి తలుపు తట్టి రెండు చుక్కలు వేసింది మీరే. 2011 జనవరి తర్వాత ఈ దేశంలో ఒక్క బిడ్డకు కూడా సహజ పోలియో వైరస్ సోకలేదంటే అందులో మీ చెమట ఉంది.

యువకులారా! మీ గల్లీలో ఐదేళ్లలోపు పిల్లలెంతమందో, ఫ్లూ టీకా పడింది ఎంతమందికో ఇల్లిల్లూ తిరిగి రాయండి. అంకెలు చేతిలో ఉంటే ఏ అధికారీ మన మాట తోసిపుచ్చలేడు.

అందరూ! వెనక పేజీలో ఉన్న వినతిపత్రం మీద సంతకం చేయండి, వేలిముద్రైనా వేయండి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి పదిమంది కలిసి వెళ్లి ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. ఓటు అడగడానికి మీ గుమ్మం దాకా వచ్చే ప్రతి నాయకుణ్ణీ ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మా పిల్లల ఫ్లూ టీకాకు బడ్జెట్‌లో డబ్బు పెట్టిస్తావా, లేదా?" అవునంటే ఎప్పుడో తేదీ చెప్పించండి. ఆ తేదీ దాటితే మళ్లీ వెళ్లి అడగండి.

వానాకాలం ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు. దానికి ముందే టీకా మన క్లినిక్‌కి చేరాలంటే, కొనుగోలు ఉత్తర్వు చలికాలంలోనే వెలువడాలి, బడ్జెట్‌లో పద్దు మార్చిలోగా పడాలి. అంటే అడగాల్సింది ఇవాళే.

● కలవాడి బిడ్డకూ లేనివాడి బిడ్డకూ ఒకే టీకా!
● ధరకు పరిమితి పెట్టండి! డాక్టర్‌కు బకాయి పెట్టకండి!
● ఐసీయూ బిల్లు కట్టే సర్కారు టీకా బిల్లూ కట్టాలి!
● వానలకు ముందే టీకా! ప్రతి గల్లీలో టీకా!

ఇట్లు,
పిల్లల టీకా కోసం చేతులు కలిపిన తల్లిదండ్రులు, డాక్టర్లు, టీచర్లు

(చదివాక పారేయకండి. పక్కింటికి ఇవ్వండి.)